నాలుగో జ్వరం

పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో జ్వరం అంటే ఎవరూ కంగారుపడరు. గుడ్డులోంచి బయటపడిన పురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు పాత చర్మం వదిలేస్తుంది. వదిలే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మేం జ్వరం అంటాం. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా. "మీ ఇంట్లో ఎన్నోది?" అని దారిలో ఎదురైనవాళ్ళు అడుగుతారు. "మూడో జ్వరం లేచాం" అని చెబుతాం. ఆ మాటల్లో పురుగు అన్న మాటే రాదు. రావాల్సిన పనీ లేదు. అందరి ఇళ్ళలో ఉన్నవీ అవే.

నేను పదో తరగతి చదువుతున్న ఏడు, చలికాలం చివరి పంటలో, అమ్మ మల్బరీ ఆకు మోపుతో గట్టు మీంచి జారిపడింది. కుడి మణికట్టులో ఎముక చిట్లింది. పిండికట్టు వేసి, కట్టు విప్పేదాకా ఆ చేత్తో గ్లాసు కూడా ఎత్తొద్దన్నారు.

"గ్లాసు ఎత్తకపోతే ఎత్తకపోయింది, పురుగుల తట్టలు ఎవరు ఎత్తుతారు?" అంది నానమ్మ.

నాన్న నావైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

నాకు అప్పటికే బడి గేటుతో గొడవ నడుస్తోంది. ఆ ఏడు కొత్తగా వచ్చిన పెద్ద సారుని అందరం గేటు సారు అనేవాళ్ళం. గంట మోగగానే ఆయనే వచ్చి గేటు మూసి, తాళంచెవి జేబులో వేసుకునేవారు. గేటు పడ్డాక వచ్చినవాళ్ళకి ఆ పూట హాజరు లేదు. కారణం లేకుండా మానితే తల్లో తండ్రో స్వయంగా వచ్చి చెప్పాలి. హాజరు తగ్గినవాళ్ళ పేర్లు పెద్ద పరీక్షకి పంపరు. ఒంట్లో బాగోలేకపోతే మాత్రం ఆ రోజులు లెక్కలోకి తీసుకోరు. ఇవీ కొత్త రూళ్ళు. ఇవన్నీ ఆయన పెట్టినవి కావు, పైనుంచి వచ్చినవి. కానీ మాకు కనిపించేది ఆయనే.

ఆకు పొద్దెక్కకముందే కోయాలి. ఎండ తగిలిందంటే వడలిపోతుంది, వడలిన ఆకుని పురుగు ముట్టదు. కోసి, ఇంటికి తెచ్చి, తడిగుడ్డ కప్పి, పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి గేటు పడిపోయి ఉండేది.

"ఇవాళ కూడానా?" అనేవారు సారు ఊచల అవతల నుంచి.

నాకు మాటలు తక్కువ. ఆకుపాలు ఎండి అతుక్కుపోయిన వేళ్ళు వెనక్కి పెట్టుకుని నిలబడేదాన్ని.

"అడుగుతుంటే నేల చూస్తావేంటమ్మా? జవాబు అక్కడ రాసి ఉందా?"

లోపల పిల్లలు నవ్వేవారు. అందరికంటే గట్టిగా మా చెల్లి నవ్వు వినిపించేది. అది అదే బడిలో ఆరో తరగతి. ఆకు కోతకి రాదు కాబట్టి వేళకి వెళ్ళిపోయేది. దాని నోటికి తాళం లేదని దాన్ని వసపిట్ట అనేవారు. మా ఇద్దరి మాటలూ కలిపి దానికొక్కదానికే ఇచ్చేశారని నానమ్మ అనేది.

ఒకసారి సారు నాన్నని పిలిపించారు. ఆకు కోత సగంలో వదిలేసి వెళ్ళి, వరండాలో చాలాసేపు కూర్చుని, ఒక సంతకం పెట్టి వచ్చాడు నాన్న. వచ్చేసరికి కోసిన ఆకంతా ఎండకి వడలిపోయి ఉంది.

"ఆయన కుర్చీలో కూర్చుంటే పని చేసినట్టు. నేను కూర్చుంటే పురుగులు చచ్చినట్టు" అన్నాడు.

"పిల్ల ముందు అనకండి" అంది అమ్మ.

"పిల్లకి తెలీదా ఏంటి?"

అమ్మ చెయ్యి విరిగాక రోజూ పొద్దున్నే నాన్న అదే మాట. "రేపటి నుంచి వెళ్దువుగాని. ఇవాళొక్కటి ఉండిపో." మర్నాడూ అంతే. బతిమాలినట్టు అనేవాడు, కోప్పడితే కాదనడం సులువయ్యేదేమో. కోసిన ఆకు తరిగి, తట్టల్లో పరిచి, కింది చెత్త తీసి, సున్నం చల్లి, ఇంకోసారి ఆకు వేసేసరికి మళ్ళీ మొదటి తట్ట ఖాళీ అయ్యేది. అమ్మ ఎడమ చేత్తో సాయం పట్టబోయి, ఒక తట్ట మొత్తం నేల మీద పడేసింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పురుగునీ ఏరాం. అమ్మ ఏడవలేదు. "ఈ చెయ్యి నాది కానట్టుంది" అంది.

నేను మానేసిన రెండోవారంలో గేటు సారు వసపిట్ట చేత కబురు పంపారు. "ఇంకో నాలుగు రోజులు రాకపోతే మీ అక్క పేరు పంపను, తర్వాత ఏడ్చి లాభం లేదు అన్నారు. ఇలా వేలు చూపించి అన్నారు" అని వేలు ఎగరేసి చూపించింది.

నాన్న భోజనం మధ్యలో చెయ్యి ఆపాడు. "రేపు వెళ్తావులే" అన్నాడు.

మర్నాడు నాలుగో జ్వరం మొదలైంది. అది ఆఖరిది. ఆ జ్వరం లేచిన పురుగు అంతకుముందు అన్నాళ్ళూ తిన్నదానికంటే ఎక్కువ తింటుంది. ఆ వారం రోజుల్లో ఆకు ఒక్కపూట తక్కువైనా గూడు పల్చబడుతుంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. తట్టల్లో పురుగులన్నీ తలలెత్తి, ఎవరో పిలిస్తే విన్నట్టు ఆగిపోయి ఉన్నాయి. వెళ్తావులే అన్న నాన్న కొడవలి నూరుతూ కూర్చున్నాడు, నావైపు చూడలేదు. నేనూ పుస్తకాల సంచీ తియ్యలేదు.

సాయంత్రం వసపిట్ట గంతులేసుకుంటూ వచ్చింది.

"అక్కా, నీకు సెలవు ఇచ్చేశారు!"

"ఎవరు?"

"గేటు సారు. ప్రార్థనలో అందరి ముందూ నన్ను నిలబెట్టారు. మీ అక్క ఎందుకు రావట్లేదు అన్నారు. ఇంట్లో జ్వరం సార్ అన్నాను."

నానమ్మ ఆకు తరుగుతున్న కత్తి ఆపింది.

"అయ్యో, ఎన్నాళ్ళ నుంచి అన్నారు. ఇది నాలుగోది సార్, ఇప్పుడే పట్టింది అన్నాను. సారు ముఖం ఇంత చేసుకుని, నాలుగుసార్లు వచ్చిందా, మరి మందు వేశారా అన్నారు. సున్నం చల్లాం సార్ అన్నాను."

నాన్నకి పొలమారింది. నానమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను కూడా నవ్వాను.

"సున్నం ఏంటి అని అడగలేదా?" అంది అమ్మ. ఆమె నవ్వలేదు.

"అప్పుడే గంట కొట్టారు. మానిన రోజులన్నిటికీ ఒంట్లో బాగోలేదు అని రాసుకున్నారు. తగ్గేదాకా రావద్దన్నారు."

"రేపు మీరెళ్ళి సంగతి చెప్పండి" అంది అమ్మ నాన్నతో.

"ఏమని చెప్పను? అబద్ధం ఏముంది అందులో? జ్వరం అంది, జ్వరమే. నాలుగోది అంది, నాలుగోదే. సారుకి అర్థంకాకపోతే తప్పు దానిదా?"

"మీకు అర్థమైందిగా."

నాన్న లేచి పురుగుల గదిలోకి వెళ్ళాడు. అమ్మ తర్వాత పట్టుబట్టలేదు. ఆ రాత్రి అందరం హాయిగా నిద్రపోయాం. మా పురుగులకొచ్చిన జ్వరం నా పరీక్ష నిలబెట్టిందని నానమ్మ రెండుసార్లు అంది.

జ్వరం లేచాయి. తిండి మొదలైంది. గదిలోకి వెళితే ఎక్కడో ఎండుటాకుల మీద మనుషులు గుంపుగా నడుస్తున్నట్టు చప్పుడు. ఆ మూడో రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది. వెనకాల వీపున డబ్బా తగిలించుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఒకతను. డబ్బా మూత దగ్గర కారి ఎండిన మరక నాకు ముందు కనిపించింది.

"జ్వరం ఎవరికండీ?" అంది నర్సమ్మ నడుస్తూనే. "బడి నుంచి పేరు వచ్చింది."

నాన్న పురుగుల గది గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మా పెద్దమ్మాయికమ్మా. తగ్గిపోయింది. నిన్ననే తగ్గింది."

ఆమె నా నుదురు ముట్టుకుంది. ఆమె చేతి వెనకవైపు చల్లగా తగిలింది. "చల్లగానే ఉంది. సరే, తగ్గినా పద్ధతి పద్ధతే. జ్వరం వచ్చిన ఇంటికి దోమల మందు కొట్టాలి. లోపలి గోడలకి కూడా. గదులు తెరవండి."

"ఆ గదిలో పురుగులున్నాయమ్మా" అన్నాడు నాన్న.

"బయట పెట్టుకోండి కాసేపు. మేం ఆగుతాం."

"బయట పెడితే కాకులు, చీమలు, ఎండ" అంది నానమ్మ. "మళ్ళీ లోపల పెడితే ఆ మందు వాసన. దోమ చస్తే పురుగు బతుకుతుందా తల్లీ? వారం దాకా ఆ గోడల మధ్య ఒక్కటి మిగలదు."

"బయట గోడకి కొట్టి వెళ్ళిపోండమ్మా" అన్నాడు నాన్న. "ఎవరు చూడొచ్చారు?"

నర్సమ్మకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మెట్టు మీద కూర్చుని చెప్పులోంచి రాయి దులుపుకుంది.

"పోయిన నెల ఒక ఇంట్లో మీలాగే బతిమాలారు. పసిబిడ్డ ఉంది, వాసన పడదు అన్నారు. నిజమే కదా అని వదిలేశాను. ఆ బిడ్డ ఇప్పుడు లేదు. దోమలే." లేచి నిలబడింది. "ఈ ఇంట్లో జ్వరం ఉందంటే మందు కొట్టకుండా నేను వెళ్ళను. లేదా జ్వరమే రాలేదు అని చెప్పండి. రాలేదని రాసుకుని వెళ్ళిపోతాను. బడికి కూడా అదే పంపిస్తాను."

"అప్పుడు దాని సెలవు?" అన్నాడు నాన్న.

"నేను రాలేదని రాశాక సారు ఉందని ఎలా రాస్తారండీ?"

"నాకు రాసుకోమ్మా జ్వరం" అంది నానమ్మ. "ఇదిగో, ముట్టుకో. ఎప్పుడూ వెచ్చగానే ఉంటాను."

"మీకు రాసినా మందు మందేగా మామ్మగారూ."

వెనకాల అతను డబ్బా పట్టీ సర్దుకున్నాడు. లోపల నీళ్ళు కదిలిన చప్పుడైంది. గదిలోంచి పురుగులు తింటున్న చప్పుడు కూడా వస్తోంది. అమ్మ లోపలే ఉంది. ఎడమ చేతిలో ఆకు పట్టుకుని, వెయ్యకుండా నిలబడింది. నాన్న నావైపు తిరిగాడు. చాలా రోజుల తర్వాత నన్ను పూర్తిగా చూశాడు. తలుపు చట్రం మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. ఒక అడుగు పక్కకి జరిగాడు.

గుమ్మం ఖాళీ అయింది.

డబ్బా అతను మెట్టెక్కాడు.

"జ్వరం నాకు కాదు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నర్సమ్మ వెనక్కి తిరిగింది.

"పురుగులకి. చర్మం వదిలే ముందు పడుకుంటాయి, దాన్ని మేం జ్వరం అంటాం. మా చెల్లి దాని గురించే చెప్పింది. సారు నాకనుకున్నారు. నాకేమీ రాలేదు."

"ఒసేయ్" అన్నాడు నాన్న.

నర్సమ్మ నన్నూ నాన్ననీ మార్చి మార్చి చూసింది. "నిజమేనా?" అని అడిగింది. నన్ను కాదు, నానమ్మని.

నానమ్మ తల ఊపింది. ఊపాక కళ్ళు తుడుచుకుంది.

నర్సమ్మ నిలబడే రాసుకుంది. వెళ్తూ గుమ్మంలోంచి ఒక్కసారి లోపలికి తొంగిచూసి, "ఇంత చప్పుడు చేస్తాయా!" అంది.

ఆ రోజు నుంచి నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. పక్కనే ఉన్నా వసపిట్టతో చెప్పేవాడు. "మీ అక్కని తట్ట అందుకోమను."

"అక్కా, తట్ట అందుకోవాలట."

"విన్నాను."

"విందట నాన్నా."

నవ్వు రావాల్సిన మాటలే. ఎవరికీ నవ్వు రాలేదు. వసపిట్ట కూడా మెల్లగా మాటలు తగ్గించింది. తను నోరు తెరిచినందుకే ఇదంతా వచ్చిందని దానికి ఎవరూ చెప్పలేదు, అయినా తెలుసుకుంది. ఒకరోజు నేను ఆకు తరుగుతుంటే అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆయన పక్కకి జరిగింది నీకోసం. చూశావుగా."

"చూశాను."

"చూసి కూడా చెప్పావు."

"నువ్వు ఆకు పట్టుకుని నిలబడ్డావు" అన్నాను.

అమ్మ నా ముందున్న ఆకుల కుప్ప సగం తన వైపు లాక్కుంది, ఒంటి చేత్తో తరగలేదని తెలిసి కూడా.

గేటు సారు పిలిపించారు. నాన్న ముందు, నేను వెనకాల నడిచాం. సారు గదిలో కుర్చీ చూపించారు. నాన్న కూర్చోలేదు.

"చిన్నపిల్ల చేత అబద్ధం చెప్పించారు" అన్నారు సారు.

"అబద్ధం కాదు సార్. మేం దాన్ని జ్వరమనే అంటాం. మా తాతలూ అదే అన్నారు."

"అనుకోండి. కాదనను. కానీ మీ జ్వరానికి నా హాజరుపట్టీలో గడి లేదు." ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. అలిసిపోయి ఉన్నారు. "పైన నన్ను అడిగేది ఒకటే. వచ్చిందా, రాలేదా. ఎందుకు రాలేదో అడగరు. ఈ పిల్ల బాగా చదువుతుందని నాకు తెలుసు. ఒక్కదాని కోసం గేటు తీశానంటే రేపు అందరూ ఆకు కోసుకునే వస్తారు."

"ఏడాది పోతుంది సార్."

"వచ్చే ఏడు మొదటి రోజు నుంచీ పంపించండి. ఒక్క పూట కూడా మానకుండా."

"ఇంట్లో చేతులు చాలక…"

"అది మీరు చూసుకోవాలండీ."

బయటికి వచ్చాక గేటు దగ్గర నాన్న ఆగాడు. నా ఈడు పిల్లలు లోపల వరసగా నిలబడి ఉన్నారు. ఆయన ఊచలు పట్టుకుని, వాళ్ళవైపు కాదు, ఎటో చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత నాకంటే ముందే నడిచి వెళ్ళిపోయాడు.

పురుగులు పండాయి. పండిన పురుగు తిండి మానేసి, ఒళ్ళంతా పసుపుపచ్చగా, దీపం ముందు పెడితే వెలుగు కనిపించేంత పల్చగా అవుతుంది. వాటిని ఒక్కొక్కటే ఏరి, వెదురు బద్దల చుట్టల మీద వదలాలి. ఒక రోజు ఆలస్యమైతే తట్టలోనే గూడు కట్టి పాడవుతుంది. ఆ రెండు రోజులూ ఐదుగురం కూర్చోకుండా ఏరాం. అమ్మ కూడా, వద్దన్నా వినకుండా. ఆ చలికాలం మా ఇంట్లో పడిన గూళ్ళంత గట్టి గూళ్ళు అంతకుముందెప్పుడూ పడలేదు. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపలి పురుగు గింజలా ఆడేది. నాన్న ఒకటి తీసి ఊపి విన్నాడు. అందరం ఆయన ముఖం చూశాం. ఆయన దాన్ని సంచిలో వేశాడు.

నా తరగతి పిల్లలు పరీక్ష రాస్తున్న వారంలోనే ఆయన గూళ్ళు తీసుకుని బజారుకి వెళ్ళాడు. సాయంత్రం వచ్చేసరికి ఆయన కంటే ముందు వాసన లోపలికి వచ్చింది. తియ్యగా, ఘాటుగా. పెళ్ళివారి బస్సు పక్కనుంచి పోయినట్టు.

అమ్మ గబుక్కున పురుగుల గది తలుపు మూసేసింది. లోపల ఖాళీ తట్టలే ఉన్నాయి, అయినా మూసేసింది. మా ఇంట్లో ఎవరూ వాసన సబ్బు కూడా వాడరు. పౌడరు, సెంటు నూనె అసలే లేవు. ఆ వాసనకి పురుగు తిండి మానేసి పచ్చరసం కక్కి చస్తుంది. పెళ్ళికి వెళ్ళొచ్చినవాళ్ళు తలస్నానం చేస్తే గానీ ఆ గది గడప తొక్కరు.

నాన్న సంచిలోంచి రెండు పౌడరు డబ్బాలు, ఒక నూనె సీసా తీశాడు.

"ఏంటివి?" అంది అమ్మ.

నాన్న నన్ను పిలిచాడు. చెల్లి ద్వారా కాదు. "ఇలా రా."

వెళ్ళాను. ఆయన డబ్బా మూత తిప్పడం చేతకాక పంటితో లాగాడు. చేతిలో ఇంత పోసుకుని నా మెడకి, చెవుల వెనక, చేతులకి రాశాడు. ఆకు కొడవలి పట్టుకునే చెయ్యి, గరుకుగా తగిలింది. నాకు తుమ్ములొచ్చాయి. తర్వాత వసపిట్టని పిలిచి దానికీ రాశాడు. అది పొంగిపోయి అద్దం దగ్గరికి పరిగెత్తింది.

"రోజూ రాసుకోవాలి" అన్నాడు నాతో. "బడి ఉన్నా, లేకపోయినా. పొద్దున లేవగానే."

"మరి లోపలికి…" అన్నాను.

"రాకూడదు."

"చేతులు చాలవురా" అంది నానమ్మ.

"చాలకపోతే చాలవు. తట్టలు సగం బోర్లించి, పంట తగ్గించేద్దాం." ఆయన గొంతులో కోపం లేదు. ఆ డబ్బాని చూస్తూనే అన్నాడు. "పక్కన ఉంటే నేను పిలుస్తాను. పిలవకుండా ఉండలేను. నాకు తెలుసు."

అమ్మ ఆ తలుపుకి ఆనుకునే నిలబడి ఉంది. కట్టు విప్పిన చెయ్యి ఇంకా సన్నగా, వేరే మనిషిదిలా ఉంది. దాంతో గడియ పట్టుకుని, "నూనె కూడా రాయండి" అంది. "పౌడరు చెమటకి పోతుంది."

ఎండలు ముదురుతుండగా తరవాతి పంట గుడ్లు తెచ్చారు. నల్లటి ఆవగింజల్లాంటి గుడ్లు, ఒక కాగితం మీద. పిల్లపురుగులు బయటికొచ్చే రోజు నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ ప్రతి పంటకీ ఆ రోజు తెల్లారగానే నేను చూసేదాన్ని. ఆ రోజు కూడా నిద్ర లేచి, ముఖం కడుక్కోకుండానే వెళ్ళి గడపకి ఇవతల నిలబడ్డాను. తలుపు వారగా వేసి ఉంది. లోపల అమ్మ వంగి, లేతాకు సన్నగా తరిగి చల్లుతోంది. నేను చప్పుడు చెయ్యలేదు, మాట్లాడలేదు.

అమ్మ చెయ్యి ఆగింది. వెనక్కి తిరగకుండానే ముక్కు ఎగబీల్చింది.

"అవతలికి పో తల్లీ" అంది.